కండ్లు మూసుకున్నంతసేపు

కిటికీ పక్కన కూచోమంటే కూచునింది కూతురు. ఇంకాస్త జరగమంటే జరిగింది. నీళ్లు తాగుతావా అంటే, "నీ ఇష్టంమా" అనింది. నీళ్లు తాగేదానికి నా ఇష్టమేందీ, ఎవరి గొంతు వాళ్లది గాదా అని దేవమ్మకు నోటిదాకా వచ్చింది గానీ అనలేదు. బస్సు నిండా జనం, ఆళ్లగడ్డ బస్టాండులో ఎక్కినోళ్లు సగం మంది ఎరిగిన ముఖాలే, ఒకరి చెవిన పడితే సందేళకు వీధంతా ఇదే మాట. పదకొండుకు కదలాల్సిన బస్సు పదకొండూ పదికి కదిలింది. పన్నెండు దాటినాక నంద్యాలలో దిగాల, కూతుర్ని అల్లుని చేతికి అప్పగించాల, సాయంత్రం బస్సుకు తిరిగి రావాల, రేపు శనివారం గాబట్టి చర్చి బియ్యానికి ఇల్లిల్లూ తిరగాల. అంతే పని. ఇందులో గుండె ఇట్ల దడదడ కొట్టుకునేంత పని ఏముండాది? మొగుని మీద అలిగి పుట్టింటికొచ్చిన కూతుర్ని మళ్లా మొగుని ఇంట్లో దిగబెట్టడం లోకంలో ఏ తల్లీ చేయని పనా? అయినా అలిగి వచ్చిందా ఇది? అలిగినోళ్లు అరుస్తారు, ముక్కు చీదతారు, ఆయన ఇట్ల చేసె అట్ల చేసె అని తవ్విపోస్తారు. ఇది వచ్చినప్పటి నుంచి నోరు విప్పితే ఒట్టు. దేవమ్మ ఒళ్లో మూడు గిన్నెల క్యారియరు ఉండాది, పొద్దున కూచోని అల్లుని కోసం చేసిన ఓళిగలు, ఆ వేడి చీర మీంచి తొడలకు ఇంకా తగులుతానే ఉండాది.

నిన్న పొద్దుగూకే యాళకు వచ్చింది దెబోరా. చేతిలో గుడ్డ సంచి, సంచిలో ఒక చీర, ఒక బైబిలు. ముందు జాబు లేదు, కబురు లేదు. "ఏం పాపా, అల్లుడు రాలేదా?" అంటే తల అడ్డంగా ఊపింది. "చెప్పి వచ్చినావా?" అంటే తల గూడా ఊపలేదు. అన్నం పెడితే పెట్టినంత తినింది, తిని చట్టి దిక్కు చూసి, "ఇంకొంచెం పెట్టుకోనా మా?" అనింది. తల్లి ఇంట్లో అన్నం అడిగి పెట్టుకునేదేందీ! పెండ్లికి ముందు ఇదే పిల్ల రుద్రవరం బాల్వాడీలో పిల్లోళ్లకు పాటలు చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయి ఇంటికొచ్చి, చట్టి అడుగంటింది గూడా గీరుకోని తినేది, అమ్మకు మిగిలిందా లేదా అని చూసేదే కాదు, అందుకు ఎన్ని మొట్టికాయలు తినిందో. నిన్న అది అట్ల అడిగితే దేవమ్మకు నవ్వొచ్చింది. సారు పెండ్లాం గదా, మర్యాదలు నేర్చుకునింది అనుకునింది. ఇప్పుడు బస్సులో తల్చుకుంటే నవ్వు రాలేదు.

పొద్దున్నే మొదటి బస్సు డ్రైవరు చేత చీటీ వచ్చింది, కరుణాకర్ పంపినది. దేవమ్మకు చదువు రాదు, చీటీ పట్టుకోని పాస్టరు ఆనందరావు అయ్యగారి ఇంటికి ఉరికింది. అయ్యగారు అద్దాలు పెట్టుకోని చదివినాడు. అత్తమ్మకు వందనాలు, దెబోరా నాతో చెప్పకుండా బయల్దేరింది, నాకు కోపం లేదు, నేను ఆమెను క్షమించినాను, పన్నెండు గంటలకు బస్టాండులో ఉంటాను, తోడుకొని రండి. "ఎంత మెత్తని మనసమ్మా నీ అల్లునిది" అన్నాడు అయ్యగారు చీటీ మడిచి ఇస్తా. దేవమ్మకు ఆడనే కండ్లనీళ్లు తిరిగినాయి. ఇంటికొచ్చి సనగబేడలు ఉడకేసింది, బెల్లం కొట్టింది. దెబోరా పక్కన కూచోని పూర్ణం ఉండలు చేసి ఇచ్చింది, ఒక్క ఉండ గూడా నోట్లో వేసుకోలేదు. బెల్లం చూస్తే ఆగని పిల్ల అది. క్షమించినాను అని రాసినాడు గదా, ఏం చేసిందని? అయ్యగారు అడగలేదు, నేనన్నా అడగలేదు, ఇద్దరం కలిసి ఏడుపు ముఖాలు పెట్టుకోని సంతోషపడితిమి.

ఏదో చేసింటాది. చేయకుంటే క్షమించేదెందుకు? దేవమ్మ పక్కకు తిరక్కుండానే కూతుర్ని వారగా చూసింది. రెండు నెలల కిందట కరుణాకర్ ఊరికి వచ్చినప్పుడు అననే అన్నాడు, అనలేక అనలేక, తల వంచుకోని. బోరింగు కాడ ఎవురెవురితోనో నవ్వుతాందంట. పక్కింటి లీలావతమ్మతో గోడ మీంచి గంటలు గంటలు మాటలంట. అందుకే నీళ్లు నేనే పట్టుకొస్తాండా అత్తమ్మా, ఆమెను బయటికి పంపీలేదు, లోకం మంచిది గాదు అన్నాడు. యాడన్నా మనసు పడిందా దీనికి? ఇరవై రెండేండ్లు, పిల్లాజెల్లా ఇంకా లేరు, పొద్దంతా ఇంట్లో ఒక్కతే. ముఖం చూడు ఎట్ల పీక్కపోయిందో. గాజులు మోచేతి దాకా జారతాండాయి. బెంగ పెట్టుకున్న ఆడదాని చెయ్యి గాదా అది? గోవిందపల్లె కాడ బస్సు ఆగితే ఒక గళ్ల చొక్కా మనిషి ఎక్కి వీళ్ల సీటు పక్కనే కమ్మీ పట్టుకోని నిలబడినాడు, దేవమ్మ వాన్ని చూసింది, కూతుర్ని చూసింది, మళ్లా వాన్ని చూసింది. వాడు బీడీ చెవి మీద పెట్టుకోని కిటికీలోంచి నల్లమల దిక్కు చూస్తాండాడు. దెబోరా వాన్ని చూడలేదు. ఎవర్నీ చూడలేదు. అది చూస్తాండేది ఒక్కటే, తల్లి ఒళ్లో క్యారియరు. ఛీ, సొంత బిడ్డను ఇట్ల కాపలా కాస్తాండా ఏంది నేను, అనుకునింది, అనుకోని గూడా కాపలా మానలేదు.

కాపలా కాయమని ఎవరు చెప్పినారు? ఆయనే గదా చెప్పినాడు. ఒక కన్నేసి ఉంచండి అత్తమ్మా అని. అల్లుడు చెప్తే నమ్మకుండా ఎట్ల? అట్లాంటి అల్లుడు ఎవరికుండాడు ఆళ్లగడ్డలో? తాగడు. బీడీ ముట్టడు. చెయ్యెత్తడు. దేవమ్మకు మగవాని చెయ్యి అంటే ఏందో బాగా తెలుసు, మొగుడు మోషే పెట్టిన దెబ్బలకు ఇప్పటికీ చలికాలంలో ఎడమ భుజం లాగుతాది. మోషే సచ్చి ఐదేండ్లయింది, వాడు తాగొచ్చి వీధిలోనే కొట్టేది, అందరూ వచ్చి విడిపించేది, పొద్దున లేచి కాళ్ల మీద పడి ఏడ్చేది. ఊరందరికీ తెలిసిన దెబ్బలు అవి. అందుకే కూతురికి సంబంధం చూసేటప్పుడు దేవమ్మ ఇల్లడగలేదు, చేను అడగలేదు, ఒక్కటే అడిగింది, పిల్లోడు తాగుతాడా? తాగడమ్మా, బడిపంతులు, వాక్యం నోటికొచ్చు, మోకాళ్లేస్తే గంట లేవడు అన్నారు. అంతే, ఇంగ మాట్లాడొద్దండి అనింది. పెండ్లయి ఒకటిన్నర ఏడాది, ఒక్కనాడు గూడా కూతురి ఒంటి మీద ఒక గీత కనపల్లేదు. అప్పుడప్పుడూ చీర కొంగు లాగి చూసింది గూడా, వీపు చూసింది, చేతులు చూసింది. లేదు. దేవునికి స్తోత్రం అనుకునింది.

మోషే ఒక్కనాడు చట్టి ముట్టలేదు. కరుణాకర్ అట్ల గాదు. పోయినేడు కోత పండక్కు నంద్యాలలో మూడు రోజులుండి వచ్చినప్పుడు దేవమ్మ చూసింది, పొద్దున్నే లేచి బియ్యం తనే కొలిచిచ్చి బడికి పోతాడు. ఆళ్లగడ్డకు వచ్చి ఇంటింటికీ చెప్పుకునింది ఆ ముచ్చట, మా అల్లుడు బియ్యం గూడా తనే కొలిచిస్తాడు తెలుసునా మీకు అని. అందరూ నోరు తెరిచి ఇన్నారు. బియ్యం సంగతి దేవమ్మ చెప్తే ఎవరన్నా ఇనాల్సిందే, ఆమె పనే అది. చర్చి ఆడోళ్లు పూట పూటకూ వండేముందు ఒక పిడికెడు తీసి దేవుని డబ్బాలో వేస్తారు, శనివారం శనివారం దేవమ్మ పోయి డబ్బాలు ఒంపుకోనొస్తాది. పదిహేనేండ్లుగా అదే నడక. డబ్బా చేతికిస్తే చాలు ఆమెకు ఆ ఇంటి సంగతి తెలిసిపోతాది. చెన్నమ్మ బియ్యంలో నూకలు ఎక్కువైతే వాళ్లాయనకు కూలి దొరకలేదని. బాలస్వామి ఇంట్లో సన్నబియ్యం కనపడితే చుట్టాలొచ్చినారని. డబ్బా సగమే ఉంటే ఇంట్లో జరమని, నిండుగా ఉంటే మొక్కేదో ఉండాదని. ఎవర్నీ అడగదు, నోరెత్తదు, చేత్తో బియ్యం కలబెడతాది, తెలిసిపోతాది. అంత తెలిసిన మనిషి సొంత కూతురి డబ్బా కాడికి వచ్చేసరికి ఏం చేసింది?

అది తల్చుకోకూడదు అనుకునింది దేవమ్మ. తల్చుకోకూడదంటే ఆగుతాదా. రెండు నెలల కిందట కరుణాకర్ వచ్చింది ఆ మాట చెప్పేదానికే. నులక మంచం మీద కూచోని, రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకోని, "అత్తమ్మా, చెప్పేదానికి సిగ్గయితాంది, దెబోరా దేవుని బియ్యం వండుకోని తింటాంది" అన్నాడు. దేవమ్మకు తల కొట్టేసినట్టయింది. పదిహేనేండ్లు ఊరందరి బియ్యం మోసి ఒక గింజ ముట్టని మనిషి కూతురా ఇది! ఆ మరుసటి పొద్దే ఆయన ఎంబడి బస్సెక్కి నంద్యాలకు పోయింది, పోయి చెప్పులు గూడా విడవకుండా, "ఏం మే, దేవుని నోటికాడిది తింటావా?" అని అడిగింది. దెబోరా గోడకు ఆనుకోని నిలబడి, ఆయన దిక్కు ఒకసారి చూసి, నేల చూసి, "ఆకలైందిమా" అనింది. బడిపంతులు ఇంట్లో, పెట్టె నిండా బియ్యం పెట్టుకోని, ఆకలంట! ఎంత పొగరు, ఎంత అబద్ధం అనుకోని దేవమ్మ చెంప మీద ఒక్కటి పీకింది. కరుణాకర్ వచ్చి దేవమ్మ చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు అత్తమ్మా, మా ఇంట్లో కొట్టేది లేదు" అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడో.

సిరివెళ్ల కాడ బస్సు ఆగింది. ఎండ కిటికీలోంచి నేరుగా దెబోరా ముఖం మీద పడింది, అయినా అది జరగలేదు, జరగమని ఎవరూ చెప్పలేదు గదా. ఒకామె బొరుగుల బుట్ట ఎత్తుకోని కిటికీ కిటికీకీ తిరుగుతాంది. దేవమ్మకు ఎందుకో ఉండబట్టలేదు, క్యారియరు పై గిన్నె మూత తీసింది. నెయ్యి వాసన గుప్పుమనింది.

"ఒకటి తినుమే. ముఖం చూడు ఎట్లుండాదో."

దెబోరా చెయ్యి లేచింది, లేచి సగంలో ఆగింది. "వద్దులేమా. లెక్క తక్కువైతాది."

"ఏం లెక్క? ఎవరి లెక్క?"

దెబోరా గిన్నెలోని ఓళిగలు కండ్లతోనే ఎంచింది. చానా చిన్నగా, "ఎన్ని చేసినావో ఆయప్పకు చెప్తావా మా?" అనింది.

"నాకే తెల్దు ఎన్ని చేసినానో."

"ఆయనకు చూస్తానే తెలిసిపోతాది" అనింది దెబోరా, అని మళ్లా కిటికీ దిక్కు తిరిగింది.

బస్సు కదిలింది. దేవమ్మ మూత పెట్టడం మర్చిపోయింది. ఓళిగలకు లెక్క. బియ్యానికి లెక్క. కోత పండక్కు పోయినప్పుడు చూసింది మళ్లా కండ్ల ముందుకొచ్చింది, ఈసారి అంత ముద్దుగా రాలేదు. బియ్యం పెట్టెకు తాళం ఉండె. తాళం చెవి ఆయన మొలతాడుకు ఉండె. "పెట్టెకు తాళం ఏంది నాయనా?" అని అడిగితే "ఎలుకలు అత్తమ్మా" అన్నాడు. ఔనౌను, మా ఇంట్లోనూ ఎలుకలే అని తనూ అనింది. ఎలుకలకు మూత చాలదా? తాళం తీసే ఎలుక యాడుండాది? అప్పుడు ఈ బుర్ర యాడికి పోయింది? పెట్టె తెరిచి పాలడబ్బాతో ఒక డబ్బా ముంచి, బడికి తీసకపోయే చెక్క స్కేలుతో పైన గీసి, సమానంగా, ఒక్క గింజ పైకి లేకుండా గీసి, పళ్లెంలో పోసినాడు. సారోళ్ల పద్ధతే వేరు అని మురిసిపోయింది దేవమ్మ. పోసినాక ఈ దిక్కు చూసి, "మీరుండారు గదా" అని ఇంగొక డబ్బా పోసినాడు. అంటే? అంటే నేను లేని రోజు ఒక్కటే డబ్బా. పొద్దుటికీ మాపుటికీ ఇద్దరికీ కలిపి ఒక డబ్బా. నాకొక్కదానికే పూటకు ఒక డబ్బా కావాల, నాటేసేదానికి పోయిన రోజు అదీ సాలదు. ముందు ఆయన తింటాడు. తిన్నాక మిగిలింది ఇది తినాల. దాంట్లోంచే మళ్లా వండేముందు ఒక పిడికెడు తీసి దేవుని డబ్బాలో వేయాల, ఆయన పక్కన నిలబడి చూస్తాంటాడు, వేసినావా అని అడుగుతాడు. అయ్యో తండ్రీ. ఆ పిడికెడు దేవునిది కాదు. దీని నోటిదే తీసి డబ్బాలో పోసింది, పోసి ఆకలికి ఆగలేక మళ్లా తీసుకునింది. దానికి నేను చెంప మీద కొడితి. ఆ ఇంట్లో దాన్ని కొట్టింది నేనొక్కదాన్నే.

కాదు, కాదు, తొందరపడొద్దు అనుకునింది మళ్లా. ఒక డబ్బా గానీ రెండు గానీ, నేను చూసింది మూడు రోజులు. నెత్తి మీద ఎండ కొడితే మనిషికి ఎన్నో ఊహలొస్తాయి. కరుణాకర్ పొదుపరి, అంతే. పొదుపరులు లేరా? మా నాయన ఉప్పు గూడా లెక్కపెట్టి ఇచ్చేవాడు. కానీ మా నాయన మా అమ్మ పేరుతో జాబులు రాయలేదు. ఇదేం ఆలోచన మధ్యలో? జాబులు. పెండ్లయిన కొత్తలో దెబోరా రాసిన జాబులు అయ్యగారు చదువుతాంటే పక్కనోళ్లు గూడా నవ్వేవాళ్లు, నంద్యాలలో చేరిన బాల్వాడీ పిల్లోళ్ల సంగతులు, లీలావతమ్మ కోడి సంగతులు, అడ్డదిడ్డంగా, కాగితం చుట్టూరా మూలల్లో గూడా రాసేది. తర్వాత ఎప్పటి నుంచో జాబు నీట్‌గా వస్తాంది. దేవమ్మకు అక్షరాలు రాకున్నా చెయ్యి తెలుస్తాది, ఇది దెబోరా చెయ్యి గాదయ్యగారూ అంటే, ఔనమ్మా, దెబోరా చెప్తే సారు రాసినాడంట అన్నాడు. మేమిద్దరం క్షేమం, దెబోరా మందిర పనుల్లో ఎదుగుతాంది, ప్రార్థించండి. అన్నీ అంతే. కోడి ఏమయిందో ఒక జాబులోనూ లేదు. బాల్వాడీ పని మానేసిందని ఒక జాబు. ఎందుకు మానేసినావే అని అడిగితే, ఆయనే బదులు చెప్పినాడు, ఎందుకత్తమ్మా ఆమెకు కష్టం అని. నేనడిగింది దీన్ని. బదులు చెప్పింది ఆయన. ఎప్పుడూ అంతే గదా? కాఫీ తాగుతావా పాపా అంటే ఇది ఆయన దిక్కు చూసేది. మొగుడూ పెండ్లాలు ఒకర్నొకరు అట్ల చూసుకుంటాంటే ఎంత అన్యోన్యం అనుకుంటి.

పొద్దున తల దువ్వుతా రామ్మే అంటే రాలేదు. పేన్లు లేవులేమా అనింది. పేన్ల కోసమా తల్లి తల దువ్వేది? దువ్వెన పట్టుకోని దగ్గరికి పోతే రెండు చేతుల్తో చెవుల మీద కొప్పు కప్పుకోని గోడకు నక్కింది. వయసొచ్చిన పిల్ల, సిగ్గు అనుకునింది దేవమ్మ. ఏం సిగ్గు? వీపు చూపించినప్పుడు లేని సిగ్గు తలకెందుకు? అంతలో ఇంగొకటి గుర్తొచ్చింది, గుర్తు రాకుంటే బాగుండు. చెంప మీద కొట్టిన ఆ రోజు కరుణాకర్ ఇద్దర్నీ మోకాళ్ల మీద కూచోబెట్టినాడు. దెబోరా తల మీద చెయ్యి పెట్టినాడు, అయ్యగార్లు దీవించేటప్పుడు పెడతారే అట్ల. పెట్టి ప్రార్థన చేసినాడు, ప్రభువా ఈ బిడ్డ తిండిపోతుతనం తీసెయ్, ఈ బిడ్డ అబద్ధాలు తీసెయ్, ఈ బిడ్డ కండ్లు బయట తిరగకుండా చెయ్, అని దీని తప్పులన్నీ ఒకటొకటి ఎత్తి చెప్పినాడు, గొంతు గద్గదమై ఏడ్చినాడు. దేవమ్మ గట్టిగా కండ్లు మూసుకోని తనూ ఏడ్చింది. నడిమధ్యలో ఒకసారి "స్స్" అని చప్పుడొచ్చింది, ఊపిరి లోపలికి లాగినట్టు. బిడ్డ పశ్చాత్తాపపడుతాంది, దేవుడు పని చేస్తాండాడు అనుకునింది. కండ్లు తెరవలేదు. పుట్టినప్పటి నుంచి ఒక్క ప్రార్థనలో గూడా తెరవలేదు, చిన్నప్పుడు సండే స్కూలులో తెరిస్తే చెవులు మెలిపెట్టేవాళ్లు. ఏం చప్పుడది?

అయ్యలూరు మెట్ట వచ్చింది. ఇంగ పావుగంట గూడా లేదు. ఇంతకూ నేను కండ్లతో చూసిందేముండాది? ఒక తాళం, ఒక స్కేలు, ఒక చప్పుడు. ఇవి పట్టుకోని ఎవరి కాడికి పోయి ఏం చెప్పాల? అయ్యగారు నవ్వుతాడు. మందిరంలో అందరూ, నీ అల్లుడు దేవదూత దేవమ్మా అనేవాళ్లే. దింపి వస్తే ఒక బాధ, దింపకుంటే ఒక బాధ. దెబోరాను అడిగితే? "పాపా" అనింది. దెబోరా తిరిగి చూసింది. "ఆయప్ప నిన్ను కొడతాడా?" దెబోరా చానాసేపు తల్లి ముఖం చూసింది, నిజంగా అడుగుతాందా, ఆయన అడగమంటే అడుగుతాందా అని తూచినట్టు చూసింది. సొంత బిడ్డకు నా మీద అనుమానం. "కొట్టడుమా" అనింది. అబద్ధం చెప్పినట్టు లేదు, నిజం చెప్పినట్టూ లేదు.

నంద్యాల బస్టాండులో చెప్పిన చోటనే ఉండాడు కరుణాకర్, వేపచెట్టు నీడన, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, చేతిలో గొడుగు. చూస్తానే చేతులు జోడించినాడు. "వందనాలు అత్తమ్మా. ఎండలో కష్టపెట్టినాం మిమ్మల్ని." దెబోరాను పల్లెత్తు మాట అనలేదు. నవ్వినాడు గూడా. దేవమ్మకు ఒక్క నిమిషం ప్రాణం లేచొచ్చింది, చూడు ఎట్ల నవ్వుతాండాడో, నేనే పిచ్చిదాన్ని అనుకునింది. అంతలో ఆయన క్యారియరు దిక్కు చూసి, "ఓళిగలా? ఎన్ని చేసినారు అత్తమ్మా?" అన్నాడు. అందరు అల్లుళ్లూ అడిగే మాటే. కానీ పక్కన దెబోరా భుజం చిన్నగా లోపలికి ముడుచుకునింది, దేవమ్మ భుజానికి ఆనుకోని ఉండబట్టి అది తెలిసింది.

"ఇంటికి పోయే ముందు ఒక మాట ప్రార్థన చేసుకుందాం" అన్నాడు కరుణాకర్. గొడుగు చెట్టుకు ఆనించినాడు. చెప్పులు విడిచినాడు. దెబోరా ఎవరూ చెప్పకుండానే వచ్చి ఆయన ముందు తల వంచుకోని నిలబడింది. తల మీద చెయ్యి పెట్టినాడు. "పరలోకమందున్న మా తండ్రీ, దారి తప్పిన ఈ బిడ్డను…" అలవాటు కొద్దీ దేవమ్మ రెప్పలు పడిపోయినాయి. చీకటి. ఆ చీకట్లో ఆ గొంతు, తేనె పూసినట్టు, ఈ బిడ్డ మొండితనం, ఈ బిడ్డ కృతజ్ఞత లేనితనం, చుట్టూ కండక్టర్ల కేకలు, కడప కడప అని ఒకడు అరుస్తాండాడు. అప్పుడు ఇనిపించింది. స్స్. తెరవాల. తెరిస్తే దేవుడు ఏమనుకుంటాడో. ఏమన్నా అనుకోనీ, ఈ ఒక్కసారికి నన్ను తిట్టుకోనీ. యాభై ఏండ్లలో మొదటిసారి ప్రార్థన మధ్యలో కండ్లు తెరిచింది.

అరిచెయ్యి తల మీద మెత్తగానే ఉండాది. నాలుగు వేళ్లూ జుట్టులో ఉండాయి. బొటనవేలు ఒక్కటి చెవి వెనకాల, కొప్పు కింద, గోరు దాకా చర్మంలోకి దిగి ఉండాది. ఆ గోరు చుట్టూ గోటి మచ్చలు, నల్లబడిన పాతవి కొన్ని, ఇంకా ఆరనివి కొన్ని, ఒకదాని పక్కన ఒకటి. ఆయన కండ్లు మూసే ఉండాయి, చెంపల మీద నిజమైన కన్నీళ్లే కారతాండాయి. దెబోరా కండ్లు మూసుకోలేదు. తెరిచే ఉండాయి. తల్లి ముఖాన్నే చూస్తాండాయి. అప్పుడు తెలిసింది దేవమ్మకు, ఆ రోజు మోకాళ్ల మీద గూడా ఇది ఇట్లనే చూసింది, ప్రతిసారీ ఇట్లనే చూసింటాది, నేనెప్పుడు కండ్లు తెరుస్తానా అని.

"ఆమేన్!" అనింది దేవమ్మ. బస్టాండులో నలుగురు తిరిగి చూసేంత గట్టిగా అనింది.

కరుణాకర్ కండ్లు తెరిచినాడు. "ఇంకా కాలేదు అత్తమ్మా."

"నాకైపోయింది నాయనా. చెయ్యి తీయ్."

"అత్తమ్మా, అందరూ చూస్తాండారు."

"చూడనీ. నేనూ ఇప్పుడే చూస్తి. తీయ్ చెయ్యి."

తీయలేదు. దేవమ్మే ఆ మణికట్టు పట్టుకునింది, నాట్లేసి కలుపు తీసి గట్టిపడిన చెయ్యి అది, పట్టుకోని పక్కకు తోసింది. ఆయన గొంతు ఇంకా మెత్తగానే ఉండాది. "నేను ఆమెను క్షమించినా అత్తమ్మా. మీరు తొందరపడుతాండారు."

"క్షమించినావు సరే. ఏం చేసిందని?"

ఆయన వంగి గొడుగు తీసుకున్నాడు. తిండిపోతు, అబద్ధాలు, మొండితనం, ప్రార్థనలో అంత గడగడా వచ్చిన మాటలు, అత్త కండ్లు తెరుచుకోని అడిగితే ఒక్కటీ రాలేదు. దేవమ్మ ఆగలేదు. ఒక చేత్తో క్యారియరు, ఒక చేత్తో కూతురి చెయ్యి పట్టుకోని కడప బస్సు దిక్కు నడిచింది. అయ్యగారు ఏమంటాడో, ఊరు ఏమంటాదో, రేపు ఆయన వచ్చి ఇంటి ముందు మోకాళ్లేస్తే ఏం చేయాలో, అవన్నీ ఉండాయి. అయినా కాళ్లు ఆగలేదు.

"యాడికి పెద్దమ్మా?" అన్నాడు కండక్టరు.

"ఆళ్లగడ్డకు. రెండు."

బస్సు బస్టాండు దాటినాక ఒళ్లో క్యారియరు మూత తీసింది. దెబోరా చూసింది, చెయ్యి సాచలేదు. "ఎన్ని తినొచ్చుమా?" అనింది. దేవమ్మ గిన్నె తీసి కూతురి ఒళ్లో పెట్టింది. "నేను లెక్కబెట్టలేదు పాపా, తిను." దెబోరా ఒకటి తినింది, కొంగు అడ్డం పెట్టుకోని, గబగబా. రెండోది కొంగు తీసి తినింది. మూడోది సగంలో ఉండగా ఆగి, "నాకు ఆ రోజు ఆకలైందిమా" అనింది. ఆ మాట తర్వాత ఇంగొకటి చెప్పింది, దాని తర్వాత ఇంగొకటి, మెట్ట దాటేదాకా, సిరివెళ్ల దాటేదాకా చెప్తానే ఉండాది. దేవమ్మ రెప్ప వాల్చకుండా దాని ముఖమే చూస్తా ఇనింది.